రెండు బ్రేకులూ ఎడమ చేతికే

మా బావ సైకిలంత వికారంగా ఉన్న గేరు సైకిల్ మార్కాపురం చుట్టుపక్కల ఇంకోటి ఉండేది కాదు. నిజానికి అది నాదే. కాలేజీ రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొని, మోటార్‌సైకిల్ వచ్చాక అక్కావాళ్లింట్లో పడేసి మరిచిపోయాను. లావు టైర్లు, బరువైన ఇనుప ఫ్రేము, కొండలెక్కడానికి చేసిన బండి. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్‌లో పడి బావ కుడి చేతి వేళ్లు పోయాక, ఆయన్ని అక్కడే వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. అప్పట్నుంచీ ఊర్నించి ఫ్యాక్టరీకి రోజూ ఆ సైకిల్ మీదే పోయి వచ్చేవాడు.

నాకు షుగర్ వచ్చింది. డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. తొక్కింది తక్కువ, సైకిళ్ల గురించి ఫోన్‌లో చూసింది ఎక్కువ. పాత సైకిళ్లను బాగుచేసేవాళ్ల గ్రూపులో చేరాను. ముప్పై ఏళ్ల నాటి గేరు సైకిళ్లను మళ్లీ కొత్తవాటిలా చేసి వాళ్లు పెట్టే ఫోటోలు చూశాక, నా చూపు బావ సైకిల్ మీద పడింది. నెల రోజులు ఇవ్వు, నువ్వే గుర్తుపట్టలేనట్టు చేసిస్తానన్నాను. ఇచ్చాడు. ఆ నెలంతా షేర్ ఆటోలో వేలాడుతూ డ్యూటీకి పోయాడు.

రోజూ ఆఫీసు నుంచి రాగానే వరండాలో దాన్ని తలకిందులుగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రంగు గీకితే అడుగున అసలు ఆకుపచ్చ కనబడింది. సంబరపడిపోయాను. కంపెనీలో తయారైననాడు లేనిది ఏదీ దాని మీద ఉండకూడదని పట్టు పట్టాను. మేకలకు మండలు కట్టుకొచ్చే క్యారియర్ తీసేశాను. అన్నం కారేజీ తగిలించే కొక్కెం తీసేశాను. హ్యాండిల్‌కు ఎడమ పక్కన ఒక పాత మోపెడ్ లివరు, దానికే రెండు చక్రాల బ్రేకు వైర్లూ కలిపి కట్టి, పైన గుడ్డ చుట్టి ఉంది. కుడి పక్క లివరే లేదు. ఎవడో చేతకానివాడి పని అని నవ్వుకుని, దాన్ని ఊడబీకి పాత సామాన్ల బండివాడికి వేశాను. వీడియోలో చూపించినట్టే మెరిసే లివర్లు రెండు బిగించాను, ఎడమది ముందు చక్రానికి, కుడిది వెనక చక్రానికి. కుడి లివరు బిగించి, నొక్కి చూసుకుంటున్నప్పుడు కూడా నాకు బావ చెయ్యి గుర్తు రాలేదు. ఈ మాట ఎవరికైనా చెబితే నమ్మరు. నాకే నమ్మబుద్ధి కాదు.

బండి ఏది తెచ్చుకున్నా చర్చి ముందర నిలబెట్టి ప్రార్థన చేయించుకోవడం మావాళ్ల అలవాటు. ఆదివారం ఆరాధన అయ్యాక సైకిల్‌ను అక్కడికే తీసుకుపోయాను. నాకు ప్రార్థన కంటే పదిమంది చూడటం ముఖ్యం. పాస్టరు గారు సీటు మీద చెయ్యి వేసి, దీన్ని నడిపే బిడ్డను క్షేమంగా తిప్పుమని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నా గొంతే పైకి వినబడింది. ఒక చుట్టు తొక్కమని బావను తొందరపెట్టాను. ఆయన కుడి పక్క లివరు వైపు ఒకసారి చూసి, "బాగా చేసినావు బామ్మర్దీ. పంచె కట్టుకున్నా గదా, రేపు తొక్కుతాలే" అన్నాడు. ఎడమ చేత్తో నడిపించుకుంటూ ఇంటికి తీసుకుపోయాడు. మొహమాటం అనుకున్నాను. సాయంత్రానికి ఫోటోలు గ్రూపులో పెట్టేశాను. మెచ్చుకోళ్లు చదువుకుంటూ అన్నం కూడా ఆలస్యంగా తిన్నాను.

రెండు నెలల తర్వాత అక్కావాళ్లింటికి పోతే, గడప దగ్గర బావ చెప్పులు కనబడ్డాయి. ఎడమది మామూలుగా ఉంది. కుడిదాని మడమ కాగితమంత పలచగా అరిగిపోయింది. ఇదేందని అక్కను అడిగాను. మొదట మాట మార్చింది. నేను వదలకపోయేసరికి అంది:

"కాలితో ఆపుతాడురా. రైలు గేటు కాడ దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే పడితే బోర్లా పడతాననుకుంటాడు. నీకు చెప్పొద్దన్నాడు, అంత కష్టపడి చేసినాడు గదా అని."

ఆ చెప్పు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. రోజూ ఆ దిగుడు, పక్కనుంచే లారీలు. నేను చేసిన బండి మీద ఆయన ప్రాణం ఒక చెప్పు మడమ మీద ఆగుతోంది.

మర్నాడే సెలవు పెట్టి సైకిల్‌ను ఆటోలో వేసుకుని కంభం పోయాను. ఆ మోపెడ్ లివరు కట్టింది అక్కడి ముసలి మెకానిక్ అని అక్క చెప్పింది. ఆయన సైకిల్‌ను వెంటనే గుర్తుపట్టాడు. తను కట్టింది ఏమైందని అడిగాడు. పారేశానని చెప్పాను. తిట్టలేదు. అది చేతికి సరిగ్గా కుదిరేదాకా మీ బావ మూడుసార్లు వచ్చినాడని మాత్రం అన్నాడు. చేతకానివాడని నేను నవ్వుకున్న మనిషి ఎదురుగా స్టూలు మీద కూర్చుని వైరు కొలుస్తుంటే తలెత్తి చూడలేకపోయాను.

కాసేపటికి ఆయన అడిగాడు. "గేరు మీట కొత్తది పెట్టినావే. ఇది బొటనేలితో తొయ్యాల. కుడి పక్కే ఉంచాల్నా, ఎడమకు మార్చాల్నా? ఆ చేతికి బొటనేలు ఉందా నాయనా? నాకు గుర్తులేదు."

ఉందో లేదో నాకూ తెలియదు. ఎన్నో ఏళ్లుగా ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని అన్నం తింటున్నాను. నా పెళ్లికి పందిరి వేసింది ఆయనే. ఎంత తన్నుకున్నా ఆ చెయ్యి కళ్ల ముందుకు రాలేదు. రాకుండా చూసుకున్నానేమో, అదీ తెలియదు.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తింది బావ. అక్క బయటికి పోయిందన్నాడు. పెట్టేద్దామనుకున్నాను. మెకానిక్ స్పానర్ పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. తప్పక అడిగాను. "బావా, నీ కుడి చేతికి బొటనవేలు ఉందా?"



"ఉందిలే బామ్మర్దీ" అన్నాడు. "ఇప్పుడు ఫోన్ పట్టుకున్నది ఆ చేత్తోనే."