కోడలు వదిలి వెళ్లిన మొక్క

మా కోడలు ఆషాఢానికి కుప్పంలోని పుట్టింటికి వెళ్తూ ఒక మొక్కను నాకు అప్పగించి పోయింది. మదనపల్లెలో తన ఆఫీసు దగ్గరి నర్సరీలో అప్పుడే కొన్నది. వానలు బాగా పడే అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరిగే రకమట. అరచేయంత ఆకులు, నూనె రాసినట్టు నిగనిగలాడేవి. పువ్వు లేదు, కాయ లేదు, కూరకు పనికిరాదు. ఇంట్లోనే ఉండాలట. వెలుతురు కావాలి కానీ ఎండ తగలకూడదు, నీళ్లు పోయాలి కానీ తడి నిలవకూడదు. ఇదేం కోరికో నాకు ఓ పట్టాన బోధపడలేదు.

అయినా కాదనలేకపోయాను. పెళ్లయి ఇంకా నిండా మూడు నెలలు కాలేదు. మదనపల్లెలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుందామా అని ఆ పిల్ల మావాడిని అడగడం నా చెవిన పడింది. మా పుంగనూరు ఇంట్లో ఎవరేమన్నారు? అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. మొక్కను ఇక్కడ వదిలిందంటే మళ్లీ ఇక్కడికే వస్తుందని కదా, అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అందుకే అది బతికి తీరాలని పట్టుబట్టాను.

కొద్ది రోజులకే ఒక ఆకు పండిపోయి రాలింది. మావి ఆవులను నమ్ముకున్న బతుకులు. సంత నుంచి తోలుకొచ్చిన కొత్త ఆవు మేత ముట్టకపోతే గుంజ మార్చి కడతాం, వేళకింత కుడితి పెడతాం, గంగడోలు నిమురుతాం. కొత్తగా వచ్చినదాన్ని మచ్చిక చేసుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మొక్కకూ అదే చేశాను. కిటికీ దగ్గర నుంచి టీవీ పక్కకు, అక్కడి నుంచి వసారాలోకి, వసారాలో ఆషాఢం గాలి కొడుతోందని వంటింట్లోకి మార్చాను. బియ్యం కడిగిన నీళ్లలో తవుడు కలిపి పోశాను. కుండీ చుట్టూ చిన్న దోమలు ముసిరాయి, ఆకుల అంచులు మాడాయి. మావాడు ఫోన్లో వీడియోలు చూపించాడు. ఒకాయన నీళ్లు ఎక్కువయ్యాయన్నాడు, ఇంకొకామె తక్కువయ్యాయంది. రెంటికీ ఆకు ఒకేలా పండుతుందట. నాకు పిచ్చెక్కినంత పనైంది.

సాయంత్రాలు కోడలు వీడియో కాల్ చేసేది. మొక్క కనబడకుండా నేను అడ్డంగా కూర్చునేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా దాని సంగతి ఎత్తలేదు. నన్ను నమ్మి అడగలేదా, లేక ఇక ఇటు వచ్చే ఆలోచనే లేదా? ఎటూ తేలక భయమేసేది.

శ్రావణం రాగానే వచ్చింది. పలమనేరు బస్టాండుకు మావాడు బండి మీద వెళ్లి తీసుకొచ్చాడు. రెండే ఆకులు మిగిలిన మొక్కను నేనే తెచ్చి ముందు పెట్టి, చేసిందంతా చెప్పాను. కుడితి మాటకు నవ్వింది, అంతలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కొత్తచోటికొస్తే ఒకటి రెండు ఆకులు రాలడం మామూలే అత్తా. ఒక తావున పెట్టేసి వదిలేయాల," అంటూ కుండీలో మన్ను వేలితో తాకి చూసి, దాన్ని ఉత్తరం కిటికీ దగ్గర పెట్టింది.

ఇక ఊరుకోలేక అడిగేశాను. "మదనపల్లెలో ఇల్లు సూస్తాండారంట. ఈడ నీకేం తక్కువైందమ్మా?"

"ఏం తక్కువ కాలేదత్తా. తిన్నావా, నిద్ర పట్టిందా, యాల అట్లుండావు అని పొద్దున్నించి అడుగుతానే ఉంటారు. బాగుండానని చెప్పి చెప్పి అలిసిపోయినా. నాకు ఈడ ఉండాలనే ఉండాది. కొన్నాళ్లు నన్నేం అడగొద్దండి."

ఎవరడుగుతారో ఆమె చెప్పలేదు. ఈ ఇంట్లో అలా అడిగేది నేనొక్కదాన్నే.

సరేనన్నాను. అద్దె ఇంటి మాట మళ్లీ రాలేదు. కానీ ఏమీ అడగకుండా ఒక మనిషి బాగోగులు చూసుకోవడం ఎలాగో నాకు తెలియదు. నిన్న ఆఫీసు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, కాఫీ ఇచ్చి, పాలు పితకాలంటూ కొట్టంలోకి వెళ్లాను. పాలకు ఇంకా వేళ కాలేదని ఆమెకూ తెలుసు. వెనక్కి వెళ్లి అడగనా వద్దా అని ఆవుల మధ్య నిలబడి కొట్టుమిట్టాడుతుంటే, గ్లాసు పట్టుకుని ఆమే వచ్చింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మెల్లగా తాగింది. ఏమైందో చెప్పలేదు. నేను అడగలేదు. సరిగ్గానే చేశానా అంటే, ఇప్పటికీ తెలియదు.