కష్టమొస్తే ఒకటి నొక్కండి

మా నాయనను కాఠ్మాండూలో శవాలు కాల్చే రేవులోకి నడిపించింది నేనే. అది కూడా నంద్యాలలో ఫ్యాను కింద కూర్చుని, కాలు కదపకుండా, కేవలం నా కవితాశక్తితో నడిపించాను. కవిత్వం మనిషిని కదిలించాలని సభల్లో తెగ చెబుతుంటారు కదా, నాది నిజంగానే కదిలించింది. ఎటు కదిలించిందన్నదే గొడవ. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. మా నాయన ముందు మాత్రం నవ్వకండి. ఆయనకు ఆళ్లగడ్డలో ఇనుప సామాన్ల అంగడి ఉంది, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఇనుప ముక్క ఉంటుంది.

అప్పట్లో నేను స్పోకెన్ వర్డ్ కవిని. అంటే రాసిన కవితను కాగితం మీద ప్రశాంతంగా పడుకోనివ్వకుండా, మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని, చేతులు ఊపుతూ జనం మీదికి వదిలేవాణ్ణి. స్టేజీ మీద పేరు ‘అగ్గిరవ్వ’, ఇంట్లో పేరు ప్రసాద్. హైదరాబాదులో ఒక కాఫీ హోటల్లో ఒకసారి చదివాను. కాఫీ మిషను చప్పుడులో నా గొంతు సగం కొట్టుకుపోయినా ముందు బల్ల దగ్గర ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆమెకు జలుబని తర్వాత తెలిసింది. అప్పటికే నేను అక్కడి ఉద్యోగం మానేశాను.

ఆళ్లగడ్డకు తిరిగొచ్చి చూస్తే నా వృత్తి ఏమిటో ఒక్కరికీ అర్థం కాలేదు. “స్పోకెన్ ఇంగ్లీషా? మా పిల్లోన్ని పంపిస్తాం, ఫీజెంతప్పా?” అని అడిగేవాళ్లు. నంద్యాల కాలేజీల వార్షికోత్సవాల్లో డాన్సులకూ బహుమతులకూ మధ్య నన్ను పిలిచేవాళ్లు. జనం లేచి నీళ్లు తాగి రావడానికి ఆ సమయం అనువుగా ఉండేదట. నేను కళ్లు మూసుకుని మొదలుపెట్టేవాణ్ణి, తెరిచేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు ఉండేవి.

ఇక మా నాయన నారాయణశెట్టి. ఆయన దృష్టిలో మాట అంటే బేరం. “ఏం గావాల? ఎన్ని అంగుళాలు?” అంతకు మించి మాట్లాడేవాళ్ల మీద ఆయనకు అనుమానం. నేను కవిత ఎత్తుకుంటే రెండో పంక్తికే అడ్డం పడేవాడు. “అదంతా సరేరా, ఇంతకీ ఏం గావాల నీకు?” నిజం చెప్పనా? చప్పట్లూ శాలువాలూ నాకేమీ వద్దు. ఈయన ఒక్కసారి, ఒకే ఒక్క కవిత, చివరిదాకా వింటే చాలని నా ప్రాణం కొట్టుకునేది.

సరిగ్గా అప్పుడే మా బాషా కంపెనీ పెట్టాడు. నాతో డిగ్రీ చదివినవాడు. నంద్యాల బస్టాండు దగ్గర జెరాక్సు షాపు మీద ఒక గది తీసుకుని, ‘గువ్వ రోమింగ్’ అని బోర్డు కట్టాడు. పరాయి దేశం పోయేవాళ్లకు అక్కడా ఫోను పలికేటట్టు సిమ్ములిచ్చే వ్యాపారం. మొదట మక్కాకు ఉమ్రా యాత్ర పోయేవాళ్లకు ఇచ్చాడు, మంచి పేరొచ్చింది. తర్వాత నేపాల్ యాత్రలు నడిపే ట్రావెల్స్ వాళ్లను పట్టుకున్నాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

“ప్రసాదూ, హెల్ప్‌లైనుకు ఒక గొంతు కావాలరా. ‘నమస్కారం, కాసేపు ఆగండి’ అని చెప్పిపో. బిర్యానీ తినిపిస్తా.”

“నా గొంతు ఒక్కటే రాదప్పా. వెంట కవిత గూడా వస్తాది.”

“ఎంత పొడుగు?”

“చిన్నదే.”

ఆ చిన్నదాని పేరు ‘దారి తప్పినవాడా’. నాలుగు చరణాలు. నిదానంగా చదివితే ఈలోగా అన్నం ఉడుకుతుంది. యంత్రనాగరికతలో తనను తాను పోగొట్టుకున్న ఆధునిక మానవుణ్ణి నిలదీసే కవిత అన్నమాట. బాషా విని, తల గోక్కుని, “మధ్యలో ఏదన్నా నంబరు నొక్కితే ఆగిపోయేటట్ల పెడ్తాలే” అన్నాడు.

“వద్దు!” అన్నాను. ఖాళీ కుర్చీలన్నీ కళ్ల ముందు తిరిగాయి. “తప్పించుకునేకి యాడా సందు ఉండగూడదు. ఏం నొక్కినా ఆగగూడదు. నా కవిత అంతా అయిపోయినాకే నీ మనిషి ఫోనెత్తాల. అట్లయితేనే నా గొంతు ఇస్తా.”

“అర్జెంటుంటే ఎట్లరా?”

“అర్జెంటున్నోనికే కవిత్వం కావాల బాషా.”

ఇలాంటి మాటలు నాకు అప్పట్లో ఆలోచించకుండానే వచ్చేసేవి. బాషా పాపం స్నేహానికి లొంగి ఒప్పుకున్నాడు.

గువ్వ సిమ్ములతో బయల్దేరిన మొదటి నేపాల్ యాత్రలోనే మా నాయన ఉన్నాడు. మహానందికి లెక్కలేనన్నిసార్లు పోయివచ్చిన మనిషి, పశుపతినాథుణ్ణి కూడా చూడాలని ముచ్చటపడ్డాడు. బటన్ల ఫోనులో నేనే సిమ్ము వేసి, ఒకటి నొక్కితే హెల్ప్‌లైనుకు పోయేటట్టు పెట్టి ఇచ్చాను.

“నాయనా, ఏ కష్టమొచ్చినా ఒకటి నొక్కి పట్టుకో.”

“ఎవరు పలుకుతారు?”

“నేనే పలుకుతా,” అన్నాను ఛాతీ విరిచి. గమనించండి, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

వాళ్లు కాఠ్మాండూ చేరిన రోజు మధ్యాహ్నం నేను బాషా ఆఫీసులో బిర్యానీ బాకీ వసూలు చేసుకుంటున్నాను. బాషా సొంత ఫోను మోగింది. యాత్ర నడిపిస్తున్న సుబ్బరాయుడు, రుద్రవరం మనిషి. ఫోను స్పీకర్లో లేకపోయినా ఆయన గొంతు గదంతా వినపడింది.

“బాషా! నీ హెల్పులైన్లో ఎవడప్పా వాడు? బస్సు యాడుందిరా అంటే ‘నీలోపల వెతుకు’ అంటాండాడు! ఎవడు వాడు? నా ముందరికి తీస్కరా వాణ్ణి!”

‘నీలోపల వెతుకు’ రెండో చరణం చివర వస్తుంది. అంటే అక్కడిదాకా విన్నాడన్నమాట! సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం కలిగింది.

“అది ఉండనీలే,” అన్నాడు సుబ్బరాయుడు. “నారాయణశెట్టి కనపడటంలే. గుడి కాడ జనంలో తప్పిపోయినాడు. ఫోను చేస్తే బిజీ వస్తాంది. ఇంగ బస్సు కదలాల.”

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మా నాయనకు తెలుగు తప్ప వేరే భాష రాదు. దగ్గర్లోని ఎర్రగుంట్లలో దించినా దారి అడగడానికి మొహమాటపడే మనిషి. బాషా కంప్యూటరు వైపు తిరిగి కేక పెట్టాడు.

“ఒరేయ్, మీ నాయన నంబరు! మన లైన్లోనే ఉండాడు!”

“అయితే ఎత్తరా!”

“ఎట్లెత్తాల? కవిత అయిపోవాల గదా! నువ్వేగా సందు ఉండగూడదంటివి! ఇనేకి మాత్రం అయితాది.”

స్పీకరు పెట్టాడు. ముందు నా గొంతు వచ్చింది. ఎంత గంభీరంగా ఉందో ఏం చెప్పమంటారు! వెంటనే చెంప పగలగొట్టాలనిపించేంత గంభీరంగా ఉంది.

“ఎక్కడున్నావు నువ్వు? ఓ దారి తప్పిన మనిషీ, ఎక్కడున్నావు?”

“ఈడే గుడి బయట ఉండా రా,” అన్నాడు మా నాయన. “రుద్రాచ్చలమ్మే అంగడి ముందర.”

“ఎవరున్నారు నీ చుట్టూ?”

“కోతులుండాయి.”

“ఏం పోగొట్టుకున్నావు నువ్వు? చెప్పు, ఏం పోగొట్టుకున్నావు?”

“చెప్పులు. ఒకటి కోతి ఎత్కపాయె. ఇంగోదాన్ని నేనే పారేస్తి, ఒకదాన్ని ఏం చేసుకోవాల?”

“నీ భాష ఎవరికి అర్థమవుతుంది?”

“ఎవనికీ కాలేదప్పా! నీళ్లడిగితే తాయెత్తు ఇస్తాండారు!”

బాషా రెండో ఫోనులో సుబ్బరాయుడికి చెప్పాడు. “అన్నా, రుద్రాక్షలమ్మే అంగడి కాడ ఉండాడు! పోయి పట్టుకో!”

హమ్మయ్య అనుకున్నాను. నా కవితే మా నాయన చిరునామా రాబట్టింది కదా అని రవ్వంత గర్వం కూడా తలెత్తబోయింది. అంతలో మూడో చరణం గుర్తొచ్చింది.

“బాషా! ఆపరా! కరెంటు తీసెయ్!”

“ఏందీ? ఏమాయె?”

“మూడో చరణం వస్తాందిరా! దాంట్లో నడవమంటా!”

“యాడికి?”

నేను జవాబు చెప్పే లోపలే స్పీకర్లో నేను చెప్పాను. “నిలబడకు! నడువు! మంటల వైపు నడువు! దహించే ఆ మంటల వైపు నడువు!”

పశుపతినాథుని గుడి వెనక ఏటి ఒడ్డున చితులు కాలుతూనే ఉంటాయి. కాఠ్మాండూ పోనివాళ్లకు కూడా తెలిసిన సంగతి. మా నాయనకు కళ్లెదుటే కనపడుతున్నట్టుంది.

“మంటలా?” అన్నాడు అనుమానంగా. “ఆ, పొగ కనపడతాంది. ఒరేయ్, ఆడ పీనుగలు కాలుస్తాండారు గదా? ఆడికేంటికి?”

“ప్రశ్నించకు! నడువు!” అన్నాను నేను.

“సరేలే, కసురుకోవద్దు. పోతాండా.”

పాతికేళ్లలో మా నాయన నా మాట విన్నది అదే మొదటిసారి. అన్నం తినమన్నా, గుండె డాక్టరుకు చూపించుకోమన్నా, అంగడికి ఆదివారం సెలవియ్యమన్నా వినని మనిషి, వట్టి కాళ్లతో శ్మశానానికి పొమ్మంటే పోతున్నాడు. నేను కంప్యూటరు ముందు నిలబడి, “నాయనా, వాని మాట ఇనద్దు!” అని అరుస్తున్నాను. నా అరుపు జెరాక్సు షాపు వాడికి వినపడింది, కాఠ్మాండూకు వినపడలేదు. బాషా వైర్లు పీకబోయి ఆగాడు. పీకితే లైను తెగుతుంది, తెగితే ఆయన ఎటు పోయాడో కూడా తెలియదు. మేమిద్దరం చేయగలిగింది వినడమే. నా కవితను శ్రోతగా నేను వినడం అదే మొదలు. అబ్బబ్బ, ఎంత పొడుగండీ! ప్రతి ముక్కా రెండేసిసార్లు! పంక్తికీ పంక్తికీ మధ్య ఎద్దులబండి దాటేంత ఖాళీ!

“ఎందుకు రాస్తివిరా ఇంత?” అన్నాడు బాషా ఏడుపు గొంతుతో.

“నాకు మాత్రం ఏం తెలుసు, వినాల్సి వస్తాదని!”

అవతల సుబ్బరాయుడు రుద్రాక్షల అంగడి చేరి, శెట్టి లేడని తిట్లు లంకించుకున్నాడు. “మంటల కాడికి పోయినాడన్నా!” అన్నాడు బాషా.

“మంటల కాడికా? ఎవడు పొమ్మన్యాడు?”

బాషా నా వైపు చూసి, “వాడే, ఫోన్లో వాడే,” అన్నాడు.

నాలుగో చరణం మొదలైంది. చప్పుళ్లు, గాలి, ఎవరిదో ఏడుపు. మా నాయన దగ్గు. తర్వాత స్పీకర్లోనే సుబ్బరాయుడి గొంతు రొప్పుతూ వినపడింది. “శెట్టీ! ఈడుండావా! దేవుడా! పా పా, బస్సు పోతాది!”

నేను కుర్చీలో కూలబడ్డాను. బాషా కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. అప్పుడు మా నాయన అన్న మాట ఇదీ.

“ఉండప్పా సుబ్బరాయుడూ. మావోడు మాట్లాడతాండాడు. వాని మాట ఏనాడూ పూర్తిగా ఇన్లేదు. అయిపోనీ.”

ఆ మాట వినపడే సమయానికి స్పీకర్లో నేను “బూడిదైపో! బూడిదైపో!” అని అరుస్తున్నాను. బస్సునిండా జనం ఎదురుచూస్తుంటే, చెప్పుల్లేని కాళ్లతో, పొగలో నిలబడి, మా నాయన ఆ బూడిద చివరి కణం దాకా విన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి జలుబు వల్ల కాదు.

కవిత అయిపోయింది. బాషా గబుక్కున లైను కలిపాడు. “నాయనా!” అన్నాను.

“ఆ, అయిపాయనా? సరే, బస్సు పోతాంది, పెట్టేస్తాండా,” అని పెట్టేశాడు.

ఊరికి తిరిగొచ్చాక అంగడిలో ఆయన ముందు నిలబడ్డాను. ఆయన మేకులు తూకం వేస్తున్నాడు.

“నాయనా, ఆ పొద్దు ఫోన్లో మాట్లాడింది నేను కాదు. ముందే రికార్డు చేసిన కవిత అది.”

తక్కెడ ఆగింది. “అంటే నేను చెప్పిందంతా నువ్వు ఇనలేదా?”

“ఇన్నా. అంతా ఇన్నా నాయనా. కోతి చెప్పు ఎత్కపోయింది గూడా.”

“అది సాలులే,” అని మళ్లీ మేకులు పోశాడు. కాసేపటికి, “మాట మధ్యలో ఎదుటోన్ని గూడా మాట్లాడనీరా. లేకుంటే బేరం తెగదు,” అన్నాడు. నా కవిత్వం మీద ఇంతవరకూ వచ్చిన ఏకైక సమీక్ష అది.

ఇక గువ్వ సంగతి. ఆ సాయంత్రమే నా కవితను హెల్ప్‌లైను నుంచి పీకేశాడు బాషా. కానీ వ్యాపారి కదా, పారేయలేదు. ఫిర్యాదుల నంబరుకు తగిలించాడు. సిమ్ము పనిచేయలేదని కోపంగా చేసినవాడు, మొదటి చరణానికి నీరసపడి, రెండో చరణానికి బాషాను క్షమించి పెట్టేస్తాడు. ‘ఫిర్యాదులు లేని కంపెనీ’ అని బోర్డు మార్చాడు. ట్రావెల్స్ వాళ్లు వరస కట్టారు. కర్నూలులో బ్రాంచి, కడపలో బ్రాంచి, అద్దాల తలుపులు, తలుపు తీసేందుకు ఒక మనిషి. ఇవాళ జిల్లాలో నాకంటే ఎక్కువమంది చెవిన పడిన కవి లేడు. నాకంటే ఎక్కువ తిట్లు తిన్న కవీ లేడు.

మొన్న బాషా అన్నాడు. “ఒక్క నంబరు మాత్రం మధ్యాహ్నం పూట వస్తాదిరా. చివరిదాకా ఇంటాది. ‘మీ ఫిర్యాదు ఏంది సార్’ అంటే ఏం మాట్లాడకుండా పెట్టేస్తాది. ఆళ్లగడ్డ నంబరు.”

అంగడిలో బేరాలు లేని పొద్దు అది. ఎవరో నేను అడగలేదు, అడగను కూడా.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మా అంగడి తక్కెడ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట లేచిపోవడానికి వీల్లేని చోట ఎవరికీ ఏదీ వినిపించను. ఎవరినీ ఏ మంట వైపూ నడవమనను. నడవమన్నా చెప్పులు తొడుక్కోమని ముందు చెబుతాను. ఇప్పుడు మిమ్మల్ని కూడా నేనేమీ కట్టేయలేదు, ఎప్పుడైనా వెళ్లిపోయే వీలుండింది. అయినా ఇక్కడిదాకా వచ్చారంటే, మా నాయన తర్వాత రెండోవారు మీరే. ఇంతకీ మీ ఫిర్యాదు ఏమిటి?