రికార్డుల్లోంచి తీసేసిన మాట

వంటింటి అరల్లో పాత పేపర్లు పరుస్తుంటే సిరా వాసన గుప్పుమంది. ప్లాస్టిక్ షీట్లు కొంటానంటుంది కోడలు. పేపరుండగా ఆ దుబారా దేనికని నేను కొననివ్వను. ఆ వాసనకు సుశీలమ్మగారు, ఆవిడకు జరిగిన అన్యాయం గుర్తొచ్చి నా ఒళ్లు మళ్లీ మండింది.

హఫీజ్‌పేటలో మా పాత ఇంటి ముందుగదిలో కిరాయికి ఉంటూ ఆవిడ ఒక చిన్న వారపత్రిక నడిపేవారు. కోస్తా మనిషి. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. పేపరు చదివి ఊరుకోకుండా ప్రశ్న అడగాలని నాకు నేర్పింది ఆవిడే.

ఆ ఏడాది మా పక్కన లేచిన అద్దాల టవర్ల మురుగు మా బోర్లలోకి దిగింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లమంతా వాళ్ల గేటు ముందు కూర్చున్నాం. శాసనసభలో ఒక సభ్యురాలు ఆ సంగతి లేవనెత్తితే, ఇంకో సభ్యుడు లేచి, మేము బిర్యానీ పొట్లాల కోసం కూర్చున్నవాళ్లమన్నాడు. స్పీకరు వెంటనే ఆ మాటను రికార్డుల్లోంచి తీసేయించారు. విలేకరుల వరసలో కూర్చున్న సుశీలమ్మగారు చెవులారా విని వచ్చి మాకు చెప్పారు.

నేను నలుగురిని వెంటేసుకుని ఠాణాకు పోయాను. ఎస్సై నవ్వాడు.

"సభల అన్నదానికి కేసుండదమ్మా. ఏ కోర్టూ అడగదు. ఇంటికి పోండ్రి."

ఆ కోపమంతా సుశీలమ్మగారి మీద చూపించాను. "గిదేం కానూనమ్మా? బజార్ల అంటే తప్పు, గాడ అంటే తప్పు గాదా? గసొంటి రక్షణ తీసి పారెయ్యాలె!"

"వద్దండీ. టవర్లవాళ్ల పేర్లు పెట్టి మన మురుగు గురించి అడిగిన సభ్యురాలికి కూడా ఆ రక్షణే అండ. అది లేకపోతే రేపు ఆవిడ నోరు మూయిస్తారు. జనం మాట చెప్పడానికి ఇచ్చినదాని చాటున నిలబడి ఇతను జనాన్నే తిట్టాడు."

"అయితే ఊకుందామా?"

"ఊరుకోవడమా! అచ్చేస్తాను."

తీసేసిన మాటను అచ్చువేస్తే సభాహక్కుల ఉల్లంఘన. జైలుకు పంపే అధికారమూ సభకుంది. అన్నీ తెలిసే వేశారు. నోటీసు రానే వచ్చింది. హక్కుల కమిటీ పిలిచిన రోజు గేటుదాకా నేనూ వెళ్లాను, బయటే కూర్చున్నాను.

"ఏమన్నరమ్మా?" అని అడిగాను ఆవిడ రాగానే.

"నియమం తప్పానని ఒప్పుకున్నానండీ. వార్తే అబద్ధమని రాసిమ్మన్నారు. రాయనన్నాను."

ఆవిడను సభ ముందు నిలబెట్టి మందలించారు. తిట్టినవాడు కుర్చీలో కూర్చుని చూశాడు, విన్నది విన్నట్టు రాసినావిడ నేరస్తురాలిగా నిలబడింది. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ప్రకటనలిచ్చేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. పత్రిక మూతపడింది. బాచుపల్లిలో ఏదో స్కూల్లో పంతులమ్మగా చేరి ఆవిడ గది ఖాళీ చేశారు.

సామాను సర్దుతుంటే ఉండబట్టలేక అన్నాను. "మా కోసం గింత పరేషాన్ పడితిరి. మీకేం మిగిలెనమ్మా?"

"మీరు బిర్యానీకి కూర్చోలేదని నలుగురికీ తెలిసిందిగా. ఇంతకీ నిజం చెప్పండి, పెట్టారా లేదా?"

"మంచినీళ్లు గూడ ఇయ్యలే!"

ఇద్దరం నవ్వాం, కళ్లు తుడుచుకున్నాం.

ఆ ఇల్లు పోయి, ఇప్పుడు మేముంటున్న అపార్ట్‌మెంటు లేచింది. మొన్న దాని మీటింగులో ఒకాయన పనిమనుషులంతా దొంగలేనన్నాడు. ఆ మాట, పక్కనే ఆయన పేరు మినిట్స్ పుస్తకంలో రాయమన్నాను.

"కోపంలో అన్నారు లెండి అమ్మమ్మా, వదిలేద్దాం" అన్నాడు సెక్రటరీ.

"అన్నప్పుడు లేని సిగ్గు రాసేటప్పుడెందుకు బిడ్డా? రాయి."

అతని పెన్ను కదిలేదాకా నేను కూర్చోలేదు.