మంగతాయారు ముఠా, డ్రమ్ సీడర్

2000ల దశకం మధ్యలో, ఒక సార్వాకు ముందు, నన్ను మండపేట పక్క మండలానికి వ్యవసాయాధికారిగా వేశారు. డెల్టాలో ఖరీఫ్ పంటను సార్వా అంటారు. ఆ ఏడాదీ వానలు వెనకబడ్డాయి, కాలువలకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. ఆకుమడి పోసి, నారు ఎదిగాక దాన్ని పీకి చేలో నాటే ఊడ్పులు ముగించేసరికి అదును దాటిపోతుంది. అదును దాటిన వరి సరిగ్గా కోతల వేళకు తుఫాను నోట పడుతుంది. అంతకుముందు వరసగా రెండు పంటలు అలాగే పోయాయి.

దానికి మా శాఖ చూపిన దారి డ్రమ్ సీడర్. చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలను ఇరుసుకు గుచ్చి రెండు చక్రాలు తగిలించిన తేలికపాటి పరికరం. మండె కట్టి మొలకెత్తించిన విత్తనం అందులో పోసి, నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసిన చేలో లాగితే గింజలు వరసల్లో పడతాయి. పంట వారం పది రోజుల ముందే చేతికొస్తుంది. నారు అక్కర్లేదు, ఊడ్పులూ అక్కర్లేదు. అంటే ఊడ్చే ఆడవాళ్ళకు పని లేదన్నమాట. ఆ ముక్క మాకొచ్చిన ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు.

ప్రదర్శనకు సూర్యారావు గారనే పెద్ద రైతు చేను ఎంపికైంది. నా పై అధికారి, సహాయ సంచాలకులు గారు, జీపులో వచ్చారు. మేం వెళ్ళేసరికి ఊడ్పుల ముఠా ఆడవాళ్ళంతా ఆ దమ్ములో దిగి నిలబడి ఉన్నారు. ముఠా పెద్ద మంగతాయారు ముందుకొచ్చింది.

"మేడమ్ గారండీ, ఈ డబ్బా మా పొట్ట కొట్టడానికాండి?"

వానల తీరు మారిందని, ఊడ్పులు ఆలస్యమైతే పంట దక్కదని, పంట పోతే కోతల కూలీ పోతుందని చెప్పాను.

"తుఫానొస్తే ఏమవుద్దో మాకూ తెలుసండి. చేలతో పాటు మేమూ మునిగాం కదా. డబ్బా వద్దనట్లేదండి. దాన్ని మగాళ్ళే ఎందుకు లాగాలంట? మేం లాగితే విరిగిపోద్దా?"

శిక్షణకు పట్టాదారులనే పిలవాలన్నది అప్పటి పద్ధతి. పట్టాలేమో దాదాపుగా మగవాళ్ళ పేరు మీదే ఉండేవి. దాన్ని సమర్థించడం నాకు చేతకాలేదు. "విరగదు, రామ్మా" అని పిలిచి పిడి ఆమె చేతికిచ్చాను.

సూర్యారావు గారు గట్టు మీంచి అరిచారు. "ఆడోళ్ళ చేత విత్తనం వేయించుకునే ఖర్మ నాకేంటండి? నా చేలో కుదరదు!"

ముఠాను గట్టెక్కించమని, అవసరమైతే పోలీసులకు కబురు పెట్టమని సహాయ సంచాలకులు గారు నన్ను ఆదేశించారు. పెట్టనన్నాను. అప్పుడు ముఠాలోంచి రత్నం అనే కౌలు రైతు మాట్లాడింది. "నా కౌలు చేను దమ్ము చేసే ఉందండి. అందులో వెయ్యండి. పోతే నాదే పోద్ది."

ఆడవాళ్ళు సీడర్‌ను భుజాన వేసుకుని నడిచారు. మంగతాయారు లాగిన మొదటి సాలు వంకర పోయింది. గట్టు మీద మగవాళ్ళు నవ్వారు. "నవ్వుకోండి! మీ మొదటి సాలు తిన్నగా వచ్చిందేంటి?" అంటూ ఆమె మళ్ళీ లాగింది.

మంజూరైన చేను మార్చినందుకు నాకు మెమో వచ్చింది. బాధ్యత నాదేనని, అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తానని సంజాయిషీ రాసిచ్చాను. ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది.

నెల తిరిగేసరికి రత్నం చేలో కలుపు ముంచెత్తింది. నేరుగా విత్తిన వరికి అదే పెద్ద బెడద. ఆ చేను పోయినట్టేనని ఊళ్ళో తీర్పు చెప్పేశారు. ముఠా అంతా కూలి అడక్కుండా దిగి కలుపు తీసింది. తుఫాను ఆ ఏడాదీ వచ్చింది. అప్పటికే రత్నం ధాన్యం ఇల్లు చేరింది. ఆలస్యంగా ఊడ్చిన చేలు చాలావరకు నేలకొరిగాయి.

మరుసటి సార్వాకు సూర్యారావు గారే ముఠాకు కబురు పెట్టారు. విత్తడం, కలుపు తీయడం రెండూ తమకే గుత్తకివ్వాలని, మగ కూలీతో సమానంగా ఇవ్వాలని మంగతాయారు షరతు పెట్టింది. ఆయన కొన్నాళ్ళు బిగుసుకున్నారు. కాలువకు నీళ్ళొచ్చాక ఒప్పుకున్నారు.

అందరికీ మేలు జరిగిందని చెప్పను. ఊడ్పులకు కావలసినంత మంది సీడర్‌కు అక్కర్లేదు. ముఠాలో కొందరు కడియం నర్సరీలకు కూలికి వెళ్ళిపోయారు.

మారిన కాలాన్ని తట్టుకునే పద్ధతి ఏదైనా ఒకరి చేతిలో పని తీసి మరొకరి చేతిలో పెడుతుంది. ఆ పంపకంలో పని పోయేవాళ్ళ మాట చెల్లాలి. నేను నేర్చుకున్నది అదే. రిటైరయ్యేదాకా ప్రతి సమీక్షా సమావేశంలో "దీనివల్ల ఎవరి పని పోతుంది? వాళ్ళను అడిగారా?" అని లేచి అడిగాను. మొండి మనిషినని పేరొచ్చింది. అడగడం మానలేదు.