మంచు పోయే దశ

కార్తీక బహుళ పంచమి, రావులపాలెం.

మా వియ్యపురాలు గారు పోయారు. ఆ రోజు ఉదయాన్నే ఆ కబురు మా ఇంటి ఎదురుగా ఉన్న అరటిగెలల కమీషను కొట్టుకు ఫోనులో వచ్చింది. కొట్టు యజమాని చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చి, "రాజమండ్రి నుంచి మీ అమ్మాయి గారండి, తొందరగా రండి" అన్నాడు. ఫోనులో మా అమ్మాయి, "అమ్మా, అత్తయ్యగారు కాఫీ ఇమ్మన్నారు. నేను తెచ్చేసరికి కుర్చీలోనే..." అని ఆగిపోయింది.

నిన్నటితో పన్నెండో రోజు కూడా ముగిసింది. ఈ రోజే ఎందుకు వ్రాస్తున్నానంటే, ఆవిడ ఒక పనిని పూర్తిచేయకుండా వెళ్ళారు. అది పూర్తికాకపోతే వచ్చే నెలలో కొందరికి చేస్తున్న పని చేజారిపోతుంది. ఆ కొందరెవరో చెప్పాలంటే ముందు ఆవిడను గురించి చెప్పాలి.

ఆవిడ రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పాను. మొదట్లో మా మధ్య అంత తీపి ఏమీ లేదు. మా అమ్మాయి పెళ్ళి భోజనాల్లో పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆవిడ నలుగురిలో అన్నారు. ఎక్కువైన మాట నిజం. నలుగురిలో అనకుండా ఉండవలసిందన్నదీ నిజం. ఆ తరువాత కొన్నేళ్ళు పండగలకు బట్టలు పెట్టుకుంటూ, గారూ అండీ అనుకుంటూ పద్ధతిగా నడుచుకున్నాం. మమ్మల్ని దగ్గర చేసినది కోరుకొండ రోడ్డులోని ఒక యంత్రం. మనవలు ఆ తరువాత.

కోళ్ళ ఫారాలవాళ్ళు కొందరు కలిసి అక్కడ కొక్కెర తెగులుకు టీకామందు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టారు. ఆ మందు తడిగా ఉంటే నిలవ ఉండదు. అందుకని చిన్న చిన్న సీసాల్లో పోసి, గడ్డకట్టించి, ఆ గడ్డలోని నీటిని తీసేస్తారు. దీన్ని ఫ్రీజ్ డ్రయింగ్ అంటారు. గట్టి తలుపున్న ఉక్కు పెట్టె, లోపల అరలు, అరల మీద సీసాలు. పెట్టెలోని గాలిని పంపు లాగేస్తుంది. గాలి లేనిచోట మంచు కరిగి నీరు కాకుండానే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పక్కనే ఉన్న అతి చల్లని గొట్టాల చుట్టకు తగిలి మళ్ళీ మంచుగా పేరుకుంటుంది. సీసా అడుగున తెల్లని బిళ్ళ మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది మళ్ళీ మందు. ఇదంతా ఆవిడ చెప్పినదే, తప్పులుంటే నావి.

యంత్రం బిగించడానికి బొంబాయి నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నడపవలసినవాళ్ళేమో చుట్టుపక్కల ఊళ్ళ మనుషులు, తెలుగు మాత్రమే చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు చెప్పిపెట్టమని మేనేజరు గారు మా వియ్యపురాలు గారిని అడిగారు. ఆవిడ పేర్ల బోర్డు ఒకటి వ్రాయించి గోడకు పెట్టించారు. పుస్తకంలో ప్రైమరీ డ్రయింగ్ అని ఉన్నదానికి బోర్డు మీద 'మొదటి ఆరబెట్టుడు' అని వ్రాయించారు.

ఆపరేటరు సత్తిబాబు అంతకుముందు మండపేట రైసుమిల్లులో ధాన్యం ఆరబెట్టే డ్రయరు దగ్గర పనిచేశాడు. అక్కడ తడి ధాన్యం వచ్చిందంటే ముందే వేడి గట్టిగా పెడతారట. ఇక్కడ సీసాలు మంచుతో తెల్లగా కనిపించేసరికి అతను అలవాటు కొద్దీ అరల వేడి పెంచాడు. మంచు కరిగి పొంగింది. తలుపు తీసి చూస్తే సీసాల్లో బిళ్ళలు లేవు, అడుగున జిగురు అంటుకుని ఉంది.

"మిల్లువాళ్ళని తెస్తే ఇలాగే తగలడుతుందని ముందే చెప్పానండి. రేపట్నుంచి రావద్దనండి" అన్నారు మేనేజరు గారు.

సత్తిబాబు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మిల్లులో అతని చోటు ఎప్పుడో ఇంకొకరికి పోయింది.

"ఏమయ్యా, ఎందుకు పెంచావు?" అని ఆవిడ అడిగారు.

"ఆరబెట్టడం అంటే వేడే కదండీ. మా మిల్లులో అంతేనండి."

"విన్నారా మేనేజరు గారూ? అతను బోర్డు చదివాడు, చదివినట్టే చేశాడు. ఆ మాట కింద మండపేట మనిషి ఎవరున్నా అదే చేస్తాడు. రాయించింది నేను. పంపిస్తే ఇద్దర్నీ పంపించండి. నాకు జీతం లేదు కాబట్టి నాతో మొదలుపెడితే మీకు తేలిక."

మేనేజరు గారు కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించారట. సత్తిబాబు ఉండిపోయాడు. గోడ మీది బోర్డు దిగిపోయింది.

ఆ వారమే ఆవిడ బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. పిలుపు లేకుండా రావడం అదే మొదలు.

"వదినగారూ, నాకు కొన్ని మాటలు కావాలండి."

"ఫిజిక్సువాళ్ళకి మాటలు కరువయ్యాయా?" అన్నాను. ఉప్పు సంగతి నేనింకా మరిచిపోలేదు.

"మా దగ్గర లెక్కలే ఉంటాయండి. మాటలు తెలుగు పంతులమ్మల దగ్గరే ఉంటాయి."

నేను శుద్ధమైన మాటలు ఇచ్చాను. గొట్టాల చుట్టకు సాంద్రీకరణి, మంచు ఆవిరవడానికి ఉత్పతనం. ఆవిడ శ్రద్ధగా విని, "సాంద్రీకరణి అని మా సత్తిబాబు పలికేలోపు లోపల మంచంతా కరిగిపోతుందండి" అన్నారు.

"కరగనివ్వండి. మాట శుద్ధంగా ఉంటుంది" అన్నాను. ఇద్దరం నవ్వాం. మా నవ్వు విని, ఆవిడ వెంట వచ్చిన మా అమ్మాయి ఏమైందోనని వంటింట్లోంచి వచ్చి చూసింది.

ఆవిడ పద్ధతి నేను కళ్ళారా చూశాను. ఏ పేరునూ నేరుగా గోడ మీదికి ఎక్కించేవారు కాదు. ముందు సుద్దముక్కతో యంత్రం పక్కనే నేల మీద వ్రాసేవారు. తరువాత స్టూలు మీద కూర్చుని, ఆ గదిలోవాళ్ళు పని చేసుకుంటూ ఏమని అనుకుంటున్నారో వినేవారు. వాళ్ళు అన్న మాట మర్నాడు మళ్ళీ వ్రాసేవారు. అననిదాన్ని కాళ్ళకింద చెరిగిపోనిచ్చేవారు. "మనుషుల నోట్లో నానని మాట గోడకెక్కకూడదండి" అనేవారు. ఆ సుద్ద అంతా ఆవిడ చీర కుచ్చెళ్ళకే అంటేది. మా అమ్మాయి విసుక్కుంటూ దులిపి ఉతికేది.

ఒకసారి పళ్ళెంలో కర్పూరం ముక్కలు పెట్టి, కొన్నాళ్ళు ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ముక్కలు తరిగిపోయాక సీసాలు సర్దే అమ్మాయిలను పిలిచారు.

"కరిగిందా?"

"లేదండి. పళ్ళెం పొడిగానే ఉందండి."

"మరి ఎటు పోయింది?"

"నేరుగా గాల్లోకే పోయిందండి."

అలా పుట్టింది 'నేరావిరి'. నా ఉత్పతనం అప్పటికే చెరిగిపోయింది. గొట్టాల చుట్ట 'మంచుచుట్ట' అయింది. బిళ్ళ చెడి అణిగిపోతే 'కుంగుడు' అన్నారు. 'మొదటి ఆరబెట్టుడు' స్థానంలో ఏం పెట్టాలని అడిగితే సత్తిబాబే, "అప్పుడే ఆరడం ఎక్కడండీ, ముందు మంచు పోవాలి కదండీ" అన్నాడు. ఆవిడ వెంటనే వంగి నేల మీద 'మంచు పోయే దశ' అని వ్రాశారు. నేనిచ్చినవాటిలో నిలిచిన మాట ఒక్కటే, 'అర'. అదైనా నేను చెప్పకముందే వాళ్ళు అంటున్నదేనని తరువాత తెలిసింది. ఈ సంగతి ఆవిడ మా బంధువులందరికీ చెప్పారు.

ఈ పేర్లతో గోడకు మళ్ళీ బోర్డు పెట్టాక సత్తిబాబు చేతిలో సీసాలు మళ్ళీ అలా చెడలేదు.

ఇప్పుడు అక్కడికి వచ్చే నెలలో ఇంకా పెద్ద యంత్రం వస్తోంది. వేడీ ఒత్తిడీ చూపే ముళ్ళు ఎక్కువ, మీటలు ఎక్కువ. దాని భాగాల పేర్లు, దశల పేర్లు చెప్పలేనివాళ్ళను సీసాలు కడిగే పనికి మారుస్తామని మేనేజరు గారు అన్నారు. "ఏ భాషలో చెప్పలేనివాళ్ళనండి?" అని ఆవిడ అడిగారు. ఆయన కాస్త ఆలోచించి, "యంత్రం వచ్చేసరికి మీ బోర్డు సిద్ధంగా ఉంటే అందులో ఉన్నట్టే అడుగుతానండి. లేకపోతే పుస్తకం ప్రకారమే" అన్నారు.

కిందటి నెల నేను వెళ్ళేసరికి ఆవిడ కాళ్ళు వాచి ఉన్నాయి. వరండాలో రెండు స్టూళ్ళ మీద కొత్త బోర్డు పరిచి, పక్కన కుర్చీ వేసుకుని వ్రాస్తున్నారు. ఒక్క గడి ఖాళీగా ఉంది. మంచు ఉన్నంతసేపూ సీసాలోని వేడి చూపే ముల్లు, అర వేడి చూపే ముల్లుకు బాగా వెనకబడి ఉంటుంది. మంచు పూర్తిగా పోయాక మెల్లగా వచ్చి దాన్ని అందుకుంటుంది. ఆ క్షణానికి పేరు కావాలి.

"సమోష్ణస్థితి" అన్నాను.

ఆవిడ దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మీరు మారరండి. ఉండనివ్వండి, ఖాళీగానే ఉండనివ్వండి. ఆ గదిలో ఏదో ఒకటి అంటూనే ఉంటారు. నా చెవిన పడలేదంతే."

పదోరోజున సత్తిబాబు, సీసాలు సర్దే అమ్మాయిలూ వచ్చి వరండాలో బోర్డు పక్కన కూర్చున్నారు. "ఇంక మా మాట ఎవరు వింటారండీ?" అన్నాడు సత్తిబాబు. నాకు ఓదార్చడం బాగా రాదు. ఖాళీ గడి చూపించి, రెండు ముళ్ళూ ఒకచోటికి వచ్చినప్పుడు మీలో మీరు ఏమనుకుంటారని అడిగాను.

"ఏమనుకుంటామండీ. 'ముళ్ళు కలిశాయి, ఇంక వేడి పెంచు' అంటాం."

వాళ్ళలో ఒక అమ్మాయి అంది: "అమ్మగారు పోయిన రోజు కూడా యంత్రం ఆపలేదండి. మధ్యలో ఆపితే బిళ్ళ కుంగిపోద్దని ఆవిడే చెప్పారు కదండీ. ఏడుస్తూనే చూశాం. కలిశాక పెంచేసి, అప్పుడు బయల్దేరాం."

ఇక జరగవలసినవి:

1. బోర్డును మా అల్లుడు గారు ఈ ఆదివారం లోపల కోరుకొండ రోడ్డుకు చేర్చాలి. అక్షరాల మీద గీతలు పడకూడదు.

2. ప్రతి తెలుగు పేరు కిందా పుస్తకంలోని పేరు కూడా తెలుగు అక్షరాల్లో ఉండాలి. బొంబాయివాళ్ళు వచ్చినప్పుడు మనవాళ్ళు మాట్లాడగలగాలి.

3. మేనేజరు గారు ఇచ్చిన మాట ప్రకారం ఈ పేర్లతోనే, యంత్రం ఎదురుగానే అడగాలి. ఆ రోజు నేను వచ్చి ఆవిడ స్టూలు మీద కూర్చుంటాను.

4. నా మాటలేవీ ఇందులో చేర్చకూడదు.

5. ఖాళీ గడిలో 'ముళ్ళు కలిశాయి' అని సత్తిబాబే వ్రాయాలి. పెయింటరును పిలవవద్దు, బ్రష్షు అతని చేతికే ఇవ్వండి. అతనికి బ్రష్షు అలవాటు లేదు, అక్షరాలు వంకరగా వస్తాయి, రంగు గీత దాటి కిందికి కారుతుంది. ఎవరూ దిద్దకూడదు.