పొలంగట్టు పాటలో నేను కోసేసిన మాట

బాలమణమ్మ పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది రవి, మా బృందంలో గిటారు వాయించే అతను. దేవుడి దగ్గర సాంబ్రాణి వేస్తుంటే ఫోన్ మోగింది. "అక్కా, పొద్దున్నే పోయిందంట" అన్నాడు, అంతే. ఇవాళ కూడా మణికొండలో మా ఇంట్లో సాంబ్రాణి పొగ లేవగానే ఆ మాటే వినిపించింది. పూజ ముగించాను గానీ, ఏం కోరుకోవాలో తోచలేదు.

మా బృందం పేరు పొలంగట్టు. రవి గిటారు, అతని స్నేహితుడి డప్పు, బాలమణమ్మ గొంతు, దాని వెనక నా గొంతు. శనివారాలు కలిసి పాడుకునేవాళ్లం. ఎక్కణ్ణుంచి వినడం మొదలుపెట్టాలని కొత్తవాళ్లు అడిగితే, వరినాట్లప్పుడు పాడే నాటుపాటతో మొదలుపెట్టమంటాను. బాలమణమ్మ గొంతు ఉన్న పాట అదొక్కటే.

ఆమెది ఖాజాగూడ. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట ఒకప్పుడు వరినాట్లు వేసింది. తర్వాత అలాంటి మేడలోనే, రవి ఆఫీసులో, నేల తుడిచేది. తుడుస్తూ ఆమె తీసే కూనిరాగం విని రవి మా దగ్గరికి తీసుకొచ్చాడు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. కూకట్‌పల్లిలో మా అమ్మే ఇంట్లో చదువు చెప్పింది, భజనలూ ఆమే నేర్పింది. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదన్నది మా ఇంటి పద్ధతి. మొదటి రోజు నా పాట విని బాలమణమ్మ నవ్వింది.

"ఏంది బిడ్డా, దేవుని చెవుల చెప్తున్నవా?"

"అలవాటండీ."

"అండి గిండి ఇడిసిపెట్టు. అవతలి మడిల ఉన్నోళ్లు అందుకోవాలె. గంత గట్టిగ పాడు."

ముప్పై దాటాక గానీ నా గొంతు ఎంత ఉందో నాకు తెలియలేదు. ఆ మేలుకు రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

పాట ఎత్తుకునే ముందు అది ఇచ్చినవాళ్ల పేరు చెప్పాలన్నది ఆమె నియమం. "మా అత్త ఎల్లవ్వ ఇచ్చింది, నేను పట్టిన" అని నిదానంగా చెప్పి, ఊపిరి తీసుకుని, అప్పుడు అందుకునేది. నాటుపాట రికార్డు చేశాక నెట్‌లో పెట్టే పని నాకొచ్చింది. మొదట్లో మాటలుంటే కొత్తవాళ్లు వినకుండా దాటేస్తారని భయపడి ఆ ముక్క కోసేశాను. ఆమెను అడగలేదు. అది పాటలో భాగం కాదనుకున్నాను. కింద 'పాడినది బాలమణమ్మ' అని గర్వంగా రాశాను.

పాట చాలా దూరం పోయింది. సంబరంగా ఆమెకు ఫోన్‌లో వినిపించాను. అయిపోయాక, "మా అత్త ఏది?" అంది.

"నీ పేరు రాశానమ్మా, ఇదిగో."

"నా పేరు నాకెందుకు? నాకు సదువు రాదు, ఆమెకూ రాకుండె. ఆమె పేరున్నది ఆ నోటిమాట కాడనే. దాన్నే కోస్తివి."

ఎల్లవ్వ పేరుతో మళ్లీ పెట్టాను. కానీ అప్పటికే కోసిన పాట పెళ్లిళ్లలోకీ, అపార్ట్‌మెంట్ పండగల్లోకీ, ఎవరెవరి వీడియోల్లోకో వెళ్లిపోయింది. ఎక్కడ చూసినా 'ఎవరు కట్టారో తెలియని జానపదం' అనే ఉంది. అది వెనక్కి తేవడం నా వల్ల కాలేదు.

బాలమణమ్మ శనివారాలు మానలేదు. వచ్చేది, చాయ్ తాగేది, మేం పాడితే వినేది. "ఇంకా పాటలున్నయన్నవు గద" అని రవి బతిమాలితే, "ఉన్నయ్ తియ్. ఉండనియ్" అనేది. ఒకరోజు ఆమె చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

"నీ మీద కోపం లేదు బిడ్డా," అంది నా తల నిమురుతూ. "ఇగ ఇయ్యబుద్ధి ఐతలేదు, అంతే."

కోతల పాటలు, పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు, ఇంకా ఎన్నున్నాయో, అన్నీ ఆమెతోనే పోయాయి. దేవుడు క్షమిస్తాడని అమ్మ నేర్పింది. క్షమిస్తాడేమో. ఆ పాటలను మాత్రం తెచ్చివ్వడు. ఆమె తెరిచిన గొంతు నాలో అలాగే ఉంది, దానికివ్వడానికి పాట లేదు.

నాటుపాట ఎక్కడో మీ చెవినా పడుతుంది. నన్ను తలచుకోవద్దు. బాలమణమ్మను తలచుకోకపోయినా ఆమె ఏమీ అనుకోదు. వాళ్ల అత్తను నేను చూడలేదు, ఆమె గురించి నాకు తెలిసింది ఒక్క మాటే. ఆమె పేరు ఎల్లవ్వ. దయచేసి ఆమెను తలచుకోండి.