మొలేఫీ దొడ్డిలెక్క

మొలేఫీ మా పశుశాస్త్ర విభాగంలో చేరేనాటికి అతనికి ముప్ఫై ఏళ్లు. ఇరవై రెండేళ్ల దాకా సెమొంకాంగ్ పైకొండల్లో పశువులు కాశాడు. అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. తరగతిలో బూడిదరంగు కంబళి కప్పుకుని, రబ్బరు బూట్లతో చివరి బల్ల మీద కూర్చునేవాడు. పిల్లలు "తాతా" అని పిలిస్తే, "చెప్పండి, మనవలూ" అనేవాడు.

రెండో ఏడు పశుగణన పరీక్షలో అతనికి మొదటిసారి సున్నా వేసింది నేనే.

ఆ పరీక్షలో విద్యార్థులు ఒక ఊరికి వెళ్లి ఇంటింటి దొడ్డిలో పశువులు లెక్కపెట్టి, ఆ ఇంటివాళ్ల పేరున పట్టికలో రాయాలి. మొలేఫీ ఏ ఇంటికీ దొడ్డిలో ఉన్న సంఖ్య వేయలేదు. ఒక ముసలమ్మ దొడ్డిలో నాలుగు ఆవులుంటే ఒకటి అని రాశాడు.

కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు.

"మేడం, ఆ నాలుగూ ఆమెవి కావు. మఫీసాకి వచ్చినవి. మూడు మరిదివి, ఒకటి పక్కూరి పెద్దాయనది. ఆమె సొంత ఆవు ఇంకొకరి దొడ్డిలో ఉంది."

మఫీసా నాకు తెలియనిది కాదు. ఉన్నవాడు తన పశువుల్ని మరొకరి దగ్గర ఉంచుతాడు. పాలు, దున్నకం మేపినవాడివి. ఆవూ, దాని దూడలూ ఇచ్చినవాడివే. తెలిసి కూడా నేను నా దగ్గరున్న సరైన జవాబుల కాగితమే చూశాను.

"దొడ్డిలో ఎన్ని ఉన్నాయో అంతే కదయ్యా మేం అడిగింది?"

"అడిగారు మేడం. కానీ ఆమె పేరు కింద రాయమన్నారు. పరాయి ఆవుని ఆమె పేరున రాస్తే ఆమెని దొంగని చేసినట్టు. మా దగ్గర దీని మీదే తలలు పగులుతాయి."

నేను నవ్వేసి పంపించాను. అప్పటికి మా పాప పుట్టి నాలుగు నెలలు. రోజూ దాని ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. అంకె ఉంటే ధైర్యం అనుకునే మనిషిని.

మరుసటి ఏడు ఆ పరీక్షను విభాగాధిపతి రమైసా గారు దిద్దారు. మొలేఫీ మళ్లీ అలాగే రాశాడు, మళ్లీ తప్పాడు. రెండుసార్లు తప్పితే చదువు ఆగిపోతుంది. మిగిలిన దారి ఒక్కటే, మార్కు మీద అప్పీలు. అతని కాగితం చూస్తే అది నెగ్గేదే.

సరిగ్గా అప్పుడే, పాఠాలు ఎవరి బతుకుల్ని వదిలేస్తున్నాయో విద్యార్థులతోనే చెప్పించి తిరగరాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పనికి ప్రతి విభాగంలో ఒక సంఘం, అందులో ఇద్దరు విద్యార్థులు. మా వాళ్లు పుసెలెట్సో అనే చురుకైన అమ్మాయినీ, మొలేఫీనీ ఎన్నుకున్నారు. రమైసా గారు నిబంధన చదివారు: ఒక పరీక్ష మీద అప్పీలు పెట్టినవాడు ఆ పరీక్షను మార్చే సంఘంలో కూర్చోకూడదు. అప్పీలో, సంఘమో శుక్రవారంలోగా తేల్చుకోమని మొలేఫీకి చెప్పారు.

వరండాలో పుసెలెట్సో అతనితో పోట్లాడుతోంది.

"అన్నా, నీకేమైనా పిచ్చా? ముందు నీ మార్కు తెచ్చుకో. సంఘంలో నేనున్నాగా!"

"నువ్వెప్పుడైనా దొడ్డిలో అడుగుపెట్టావా? పేడ తొక్కితే చెప్పులు పారేసే రకం నువ్వు."

"నీ నోరు పడ!"

"వచ్చే ఏడు మా కొండ మీంచి ఇద్దరు దిగుతున్నారు, చెల్లీ. వాళ్లూ ఇలాగే రాస్తారు. వాగు దాటేటప్పుడు ముందొక ఎద్దు దిగాలి. లోతు దానికి తగిలితేనే వెనక మంద ఆగుతుంది."

నేను కలగజేసుకుని అప్పీలే పెట్టమన్నాను. "మీరు పాపని చూసుకోండి మేడం, దగ్గుతోందట కదా" అన్నాడు. సంఘం కాగితం మీద సంతకం చేశాడు.

సమావేశంలో రమైసా గారు గడియారం చూసుకుంటూ, "కథలొద్దు నాయనా. పట్టిక ఎలా ఉండాలో చెప్పు" అన్నారు.

మొలేఫీ టీ బల్ల మీది బిస్కెట్లు నాలుగు తీసి ఒక సాసరులో పెట్టాడు. "ఇది ముసలమ్మ దొడ్డి. వీటికి టీకా వేయాలి. ఎవర్ని అడగాలయ్యా?"

"ఆమెనే."

"ఆమె ఒప్పుకుని, ఒకటి చచ్చిపోతే?"

ఆయన గడియారం మీంచి చూపు తిప్పారు. మొలేఫీ వినయంగా, "అయ్యా, తమకి పశువులున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి. మా నాన్నగారివి, పదకొండు. కొండ మీద ఒకాయన చూస్తున్నాడు."

"మరి తమ ఇంట్లో దొడ్డి?"

"దొడ్డెక్కడిది?"

"అయితే మన పరీక్ష ప్రకారం తమకి సున్నా."

పుసెలెట్సో ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. రమైసా గారు సాసరు తన ముందుకి జరుపుకుని, పాత పట్టిక తెమ్మన్నారు. ఆ సాయంత్రానికి పట్టికలో కొత్త గడులు చేరాయి: దొడ్డిలో ఎన్ని, అవి ఎవరివి, ఈ ఇంటివి ఇంకెక్కడున్నాయి. వాటిని గీసింది ఆ ఇద్దరు విద్యార్థులే.

కొత్త పాఠం వచ్చే ఏటి నుంచి. పాత మార్కులు అలాగే ఉంటాయి. నేను బతిమాలితే రమైసా గారు, "సంతకం అతనే పెట్టాడమ్మా" అన్నారు. మే నెలలో మొలేఫీ రేకుపెట్టె బస్సు మీదికి ఎక్కించి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో కొత్త తరగతిని తీసుకుని కొండ మీది అతని మేతకొట్టానికి వెళ్లాను. పాపని వీపున కట్టుకున్నాను. ఎండ వచ్చినా గాలి కోస్తోంది. అతను తన కంబళి తీసి పాప మీద కప్పాడు. "గట్టిదే మేడం, భయపడకండి. మీకన్నా గట్టిది."

అతని కొండ నుంచే వచ్చిన కుర్రవాడు ఒకడు పట్టిక పట్టుకుని ఒక్కో ఆవు గురించీ అడిగాడు. మొలేఫీ ఒక్కోదాని యజమాని పేరూ, ఊరూ చెప్పాడు. దొడ్డిలో తొమ్మిది. అన్నీ మఫీసావే.

"మీవి ఇంకెక్కడైనా ఉన్నాయా అన్నా?"

"లేవు. నా పేరుకి ఎదురుగా సున్నా వెయ్యి."

కుర్రవాడు నా వైపు చూశాడు.

"వెయ్యరా. అది తప్పు కాదులే," అన్నాడు మొలేఫీ.

దిగివచ్చాక ఆ కాగితం దిద్దాను. ఆ సున్నా పక్కన సరి అని గుర్తు పెట్టి, పూర్తి మార్కులు వేశాను. అవి ఆ కుర్రవాడివి.